పాత మోటారు యంత్రము పగులకుండ

హైదరాబాదునుండి కరీంనగరము పోవు త్రోవలో, సిద్దిపేట మీదుగా, ఒకప్పుడు అంబాసిడరు కార్లు విరివిగా తిరుగుచుండెను. బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారమున వాని తయారీ 2014లో నిలిచిపోయినది. తాతగారు కొన్న కారును కొట్టము క్రింద దాచుకొని, మరల నడిపింపవలెనను ముచ్చట కలవారు నేటికిని ఉన్నారు. యంత్రము విప్పించుటకు పూర్వము వారు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. అరిగిన పిస్టనును మార్చవచ్చును. పగిలిన బ్లాకునకు బదులు కొత్తది దొరకదు.

బ్లాకు పోత ఇనుముతో చేయబడును. ఈ ఇనుములో బొగ్గు పదార్థము సన్నని రేకులవలె వ్యాపించి యుండును. అందుచేత ఇది ఎంతటి నొక్కుడునైనను ఓర్చును గాని లాగుడును ఓర్వలేదు. ఒక భాగము వేడెక్కి వ్యాకోచించి, ప్రక్కభాగము చల్లగా ఉండిపోయినచో నడుమ లాగుడు పుట్టి పగులు కలుగును. కాలిన పెనముపై చన్నీళ్లు పోసి పగులగొట్టుకొన్న ఇల్లాలికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

శీతల దేశములలో యంత్రములోని నీరు గడ్డకట్టి, సుమారు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బి, బ్లాకును చీల్చును. మనకు ఆ భయము లేదు. మన శత్రువులు ఎండయు, బోరుబావి నీరును. ఉప్పునీటిలోని సున్నము సిలిండర్ల చుట్టునుగల నీటి త్రోవలలో పెచ్చుకట్టును. పెచ్చు ఉన్నచోట వేడి నీటికి అందక ఇనుములోనే నిలుచును. కనుక విప్పిన వెంటనే ఆ త్రోవలను అడుగంట శుభ్రపరుపవలెను.

పిమ్మట పరీక్ష. ఇది బోరింగు పనికి ముందే జరుగవలెను. పలువురు తరువాత చేయించి డబ్బు పోగొట్టుకొందురు. అనుమానమున్నచోట కిరోసిను పూసి, కొంతసేపటికి పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి అద్దవలెను. పగులున్నచో అందు దాగిన కిరోసిను సుద్దపై సన్నని గీతగా ఊరును. హెడ్డులో వాల్వుల నడుమనున్న సన్నని భాగమును తప్పక చూడవలెను. లోపలి పగుళ్లకు మాత్రము నీటి త్రోవలను మూసి, ఒత్తిడి పెట్టి చూచుటయే మార్గము.

అంబాసిడరు 1489 సి.సి. యంత్రమునకు సిలిండరు వ్యాసము దాదాపు 73 మిల్లీమీటర్లు. బోరు చేసిన ప్రతిసారి గోడ పలుచనగును. గోడ మందము కొలువక మరల బోరు చేయుట సాహసము. లైనరు వేయునపుడును, మితిమీరి బిగువైన దానిని బలవంతముగ దింపినచో గోడ అప్పుడే చీలవచ్చును.

మేస్త్రీలు సయితము మరచు విషయమొకటి. బోల్టు రంధ్రములలో కొన్ని అడుగున మూసియుండును. వానిలో నూనెగాని నీరుగాని మిగిలియుండగా బోల్టు బిగించినచో, ద్రవము అణగదు గనుక ఆ బలమంతయు ఇనుముపై పడి రంధ్రము ప్రక్క పగులును. రంధ్రములను గాలితో ఊది ఆరబెట్టుట అయిదు నిమిషముల పని! హెడ్డు నట్లను నడుమనుండి అంచులకు, కొద్దికొద్దిగా, టార్కు పానాతో కంపెనీవారి పుస్తకములోని లెక్క ప్రకారము బిగింపవలెను.

బండి రోడ్డెక్కిన పిదప ఎండలో యంత్రము మరిగినచో వెంటనే ఆపి, నీడను నిలుపవలెను. రేడియేటరు మూత అప్పుడే తీయరాదు; ఆవిరి ముఖమునకు కొట్టును. పై గొట్టము చేతికి చల్లబడిన తరువాతనే నీరు మెల్లమెల్లగా పోయవలెను.