మెటల్ పాట పంపే ముందు ఒక్క నిమిషం

ఈరోజు టాపిక్ చాలా సింపుల్. మనకి నచ్చిన హెవీ మెటల్ పాటని ఇంకొకరికి ఎలా పంపాలి? "లింక్ కాపీ చేసి పంపడమే కదా బ్రో, దీనికో ఎపిసోడా?" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నా. బీటెక్ సెకండియర్‌లో మా రూమ్మేట్‌కి ఒకే రాత్రి పదకొండు లింకులు పంపా. వాడు ఒకటి ఓపెన్ చేసి, ఇరవై సెకన్లు విని, "ఏందిరా ఇది, మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టుంది" అన్నాడు. మిగతా పది అలాగే ఉండిపోయాయి.

తప్పు పాటది కాదు, వాడిదీ కాదు. ఏం వినాలో నేను చెప్పలేదు, అంతే. సినిమా పాటలో మన చెవి ముందు గొంతు వైపు వెళ్తుంది. మెటల్‌లో ముందు పట్టుకోవాల్సింది రిఫ్‌ని. రిఫ్ అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ ముక్క. చాలా పాటలు దాని మీదే నిలబడతాయి. అది దొరికిందా, సగం పని అయిపోయినట్టే.

అందుకే నేనిప్పుడు ఒకసారికి ఒక్క పాటే పంపుతా. దాంతో పాటు రెండు లైన్లు రాస్తా. ఎలాగో మూడు పాటలతో చూపిస్తా.

మొదటిది బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ పాట, దాని పేరూ 'బ్లాక్ సబ్బాత్' అనే. 1970లో వచ్చింది. వాన, గంట చప్పుడు, తర్వాత మూడే స్వరాల రిఫ్. సంగీతం నేర్చుకున్న ఫ్రెండ్ ఉంటే ఇలా చెప్పండి: షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణుంచి ప్రతిమధ్యమం. కల్యాణి రాగంలో అంత హాయిగా ఉండే ప్రతిమధ్యమమే, ఇక్కడ పంచమానికి వెళ్ళకుండా అక్కడే ఆగిపోయి భయపెడుతుంది.

దీని వెనక మనిషి కథ కూడా చెప్పండి. గిటారిస్ట్ టోనీ అయోమీది ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్. పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని. సరిగ్గా చివరి రోజున మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ చివరలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేత్తోనే! ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 ఆల్బమ్‌కి వచ్చేసరికి తీగల శ్రుతినే బాగా కిందికి దించాడు. నొక్కడం తేలికైంది, సౌండ్ బరువెక్కింది. ఈ కథ తెలిశాక ఆ సౌండ్‌ని 'గోల' అనడం కష్టం.

రెండోది, కథలు ఇష్టపడే వాళ్ళకి. ఐరన్ మెయిడెన్ 1982లో చేసిన 'హాలోడ్ బీ దై నేమ్'. ఉరికి కొద్దిసేపటి ముందు జైల్లో ఒక ఖైదీ ఆలోచనలు. ఏడు నిమిషాలు ఉంటుంది. "మొదటి నిమిషం నెమ్మదిగా ఉంటుంది, తొందరపడి స్కిప్ చెయ్యొద్దు" అని రాయండి చాలు.

మూడోది మెటాలికా 'వన్', 1988. యుద్ధంలో కాళ్ళు, చేతులు, చూపు, వినికిడి, మాట అన్నీ పోయినా స్పృహ మాత్రం ఉన్న సైనికుడి గోడు. మెత్తగా మొదలవుతుంది. నాలుగు నిమిషాలు దాటాక డ్రమ్స్ మెషిన్‌గన్‌లా పేలతాయి. ఆ మోతకి కారణం ఉంది కదా! అది ముందే తెలిస్తే చెవి భయపడదు.

మన డప్పు దరువు ఇష్టమా? అయితే ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్‌తో మొదలుపెట్టండి. గిటార్ పక్కనే ఢోల్ వినిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఆ రూమ్మేట్‌కే గతేడాది జాబ్ పోయింది. డల్‌గా ఉన్నాడని మెటాలికా 'ఫేడ్ టు బ్లాక్' పంపా. బతుకు మీద ఆశ వదిలేసిన మనిషి పాట అది. కష్టకాలంలో నాకు తోడున్న పాట కాబట్టి వాడికీ ఉంటుందనుకున్నా. రిప్లై వచ్చింది: "నేనూ ఇలాగే అయిపోవాలా?"

చెయ్యి వణికింది. వెంటనే కాల్ చేశా, గంటన్నర మాట్లాడుకున్నాం. పాట గురించి ఒక్క మాట కూడా రాలేదు. వాడికి ఆ రోజు కావాల్సింది పాట కాదు, ఫోన్ చేసే మనిషి.

కాబట్టి బాధలో ఉన్నవాళ్ళకి పాట కన్నా ముందు ఫోన్. మీకే భరించలేనట్టు ఉంటే 14416కి చెయ్యండి, టెలిమానస్, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు.

వాడికి ఇప్పుడు కొత్త జాబ్ వచ్చింది. పోయిన నెల వాడే నాకు ఒక లింక్ పంపాడు, కింద రెండు లైన్లు రాసి మరీ: "రెండో నిమిషం దగ్గర గిటార్ విను. గులకరాళ్ళు బాగానే నలిగాయి."

మీరూ ఈరోజు ఒక్కరికి, ఒక్క పాట, రెండు లైన్లతో పంపి చూడండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!