కార్డు ఒకటే... వడ్డీ రెండు తీర్లు!

తొలకరి పడిందంటే రైతుకు విత్తనాలు, ఎరువులు, కూలి డబ్బులు కావాలి. ఈ పెట్టుబడి కోసం షావుకారు గుమ్మం తొక్కే అవస్థ తప్పించాలని 1998లో కిసాన్ క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టారు. నేడు పల్లెల్లో ఇది కొత్త వస్తువు కాదు. అయినా పక్క పక్క చేల రైతులను అడిగితే ఒకరు కార్డు మేలంటారు, మరొకరు వడ్డీతో నడ్డి విరిచారని వాపోతారు. ఇద్దరి మధ్య తేడా అంతా గడువు లెక్క తెలియడంలోనే ఉంది.

ఇద్దరు రైతులు చెరో లక్ష రూపాయల పంట రుణం తీసుకున్నారనుకుందాం. 3 లక్షల వరకు రుణానికి కేంద్ర ప్రభుత్వం వడ్డీలో కొంత భరిస్తుంది గనుక రైతుపై పడేది 7 శాతం. ఏడాది మించకుండా బ్యాంకు పెట్టిన గడువులోగా అప్పు తీరిస్తే మరో 3 శాతం రాయితీ. అంటే ఏడాదికి వడ్డీ 4,000 రూపాయలే. గడువు దాటించిన రైతుకు 7,000 పడుతుంది. ఆపై రోజులకు రాయితీ ఉండదు, బ్యాంకు మామూలు వడ్డీయే. అదే లక్ష బయట నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24,000!

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సాధారణంగా బ్యాంకులు ముందు 7 శాతం వసూలు చేసి, 3 శాతం రాయితీని తర్వాత ఖాతాలో జమ చేస్తాయి. ఇది తెలియనివారు మోసపోయామనుకుంటారు. తెలిసినవారు పాసుపుస్తకం చూసుకుని, జమ పడకపోతే మేనేజరును నిలదీస్తారు.

మరో సంగతి. వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే వడ్డీ. మంజూరైనదంతా ఒకేసారి తీసి ఇంట్లో పెట్టుకుంటే మొదటి రోజు నుంచే భారం. విత్తనాలప్పుడు కొంత, ఎరువులప్పుడు కొంత తీసుకునేవారికి అంత మేర ఆదా.

మాఫీ వస్తుందని గడువు దాటనిచ్చినవారి అనుభవమూ ఉంది. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ రుణమాఫీ ప్రకటించాయి. సొమ్ము విడతలుగా వచ్చేలోగా బ్యాంకుల్లో వడ్డీ పెరిగిపోయింది.

రుణం తీసుకున్న రోజే గడువు తేదీ అడిగి పాసుపుస్తకం అట్టమీద రాయించుకోవాలి. చదువురానివారు బడికెళ్లే పిల్లలతో గోడ క్యాలెండరులో గుర్తు పెట్టించుకున్నా చాలు. లక్షకు మిగిలే 3,000 రూపాయలంటే నేటి ధరకు పది బస్తాలకు పైగా యూరియా!