హుక్కు మారిస్తే బండి బలం పెరుగుతుందా?

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మలక్‌పేటలో మా బాబాయ్‌కి నిద్ర ఉండదు. ఆయనది టెంట్ హౌస్. సామానంతా పికప్ బండిలో, దాని వెనకాల రెండు చక్రాల ట్రాలీ మీద జనరేటర్. కర్మన్‌ఘాట్ అయినా ఎల్‌బీ నగర్ అయినా, ఏ ఫంక్షన్ హాలుకైనా ఇదే ఊరేగింపు.

మొన్న ఆదివారం బండి కడుగుతుంటే బంపర్ కింద, హుక్కు పక్కన సన్నని గీత కనిపించింది. చూస్తే వెల్డింగ్ పగులు! ముందురోజు రాత్రే ఆ బండి దిల్‌సుఖ్‌నగర్ రద్దీలోంచి వచ్చింది. వెనకాల ఎంతమంది టూవీలర్ల మీద ఉన్నారో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది.

"ఏం గాదురా. డాలస్‌ల మీ అన్న పికప్‌కు ఉన్నసుంటిది పెట్టిద్దాం. ఎట్లాగూ పెద్ద జనరేటర్ తీసుకుంటున్న గదా" అన్నాడు బాబాయ్.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా చదివింది ఇంజినీరింగ్ కదా, కాగితం తీశాను.

అన్న బండికి ఉన్నదాన్ని రిసీవర్ అంటారు. ఛాసిస్‌కి బోల్టులతో బిగించే చదరపు గొట్టం అది. అక్కడి పికప్‌లకి ఎక్కువగా రెండంగుళాలది ఉంటుంది. బాల్ ఉన్న కడ్డీని అందులో దూర్చి పిన్ను వేస్తారు. బంపర్‌కి అతికించిన హుక్కు కంటే ఎంతో మేలు, లాగే భారం నేరుగా ఛాసిస్ మీద పడుతుంది. అయితే దాని మీద ఎంత అంకె రాసి ఉన్నా మన బండి బలం పెరగదు. బండి, రిసీవర్, కడ్డీ, బాల్, ట్రాలీ... వీటిలో దేని అంకె తక్కువైతే అదే మన హద్దు.

ఇంకో లెక్క. ట్రాలీ బరువులో సుమారు 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. తగ్గితే వేగంలో ట్రాలీ పాములా ఊగుతుంది. బాబాయ్ కొనాలనుకున్నది ట్రాలీతో కలిపి 1,200 కిలోలు. 10 శాతమంటే 120 కిలోలు. టేపు పెట్టి కొలిస్తే వెనక ఇరుసు నుంచి హుక్కుకి 1.25 మీటర్లు, రెండు ఇరుసుల మధ్య 3 మీటర్లు. తక్కెడ లెక్కన ముందు చక్రాల మీద 50 కిలోలు తగ్గి, వెనక 170 కిలోలు పెరుగుతాయి. సామాను బరువు దీనికి అదనం. ముందు తేలికైతే స్టీరింగ్, బ్రేకు రెండూ పట్టు తప్పుతాయి.

"ఇన్నేండ్ల నుంచి ఏం గాలే గదరా?"

"పగులు కూడా నిన్నటిదాకా కనపడలేదు బాబాయ్."

ఆయన మారు మాట్లాడలేదు.

కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. అందుకే వెల్డింగ్ షాపుకి కాకుండా ముందు షోరూమ్‌కి వెళ్ళాం. ఈ మోడల్ ఎంత లాగుతుంది, ఎక్కడ బిగించాలి అని అడిగాం. ఆ జవాబు విన్నాక పెద్ద జనరేటర్ ఆలోచన పోయింది. పాత జనరేటరే ఉంచి, చెప్పిన చోట బోల్టులతో కొత్త హుక్కు బిగించారు. అడ్డంగా దాటేలా రెండు సేఫ్టీ గొలుసులు కూడా వేయించాం. హుక్కు ఊడినా ట్రాలీ ముక్కు రోడ్డుకి తగలకుండా అవి పట్టుకుంటాయి.

మీ బండికీ హుక్కు ఉంటే ఒక్కసారి వంగి కింద చూడండి. బాబాయ్ ఇప్పుడు గొలుసులు రెండుసార్లు లాగి చూశాకే తాళం తిప్పుతున్నాడు.