నీడలో కొలిచిన ఎండ

ఎండ అందరికీ ఒకటే అంటారు. కాదంటాం మేం.

దొరవారిసత్రం పులికాట్ సరస్సుకు దగ్గర. ఇక్కడి 38 డిగ్రీలు వేరు, రాయలసీమ 42 వేరు. పొడిగాలిలో చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమగాలిలో చెమట కారుతుందే గాని ఆరదు. వేడి ఒంట్లోనే నిలిచిపోతుంది. అందుకే వాతావరణశాఖ వడగాలికి మైదానంలో 40, తీరంలో 37 డిగ్రీలు కనీస హద్దుగా పెట్టింది.

అయితే ఆ డిగ్రీలు కొలిచేది నీడలో. గాలాడే తెల్లటి పెట్టెలో థర్మామీటరు పెడతారు. చెరువులో పూడిక తీసే కూలీ మాత్రం నెత్తిన ఎండతో నిలబడాలి. థర్మామీటరుకు దొరికిన నీడ మనిషికి దొరకలేదు!

2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ‘మధ్యాహ్నం బయటికి రావద్దు, నీళ్లు బాగా తాగండి’ అని ఏటా చెబుతారు. మంచి మాటే. కానీ పని మానితే కూలి డబ్బులు ఎవరిస్తారు? రేకుల ఇంట్లో కూర్చుంటే చల్లగా ఉంటుందా? ఇక నీళ్లంటారా, 1927లో మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన చెరువు నీళ్లు తాగడమే పోరాటమైంది. 1985లో కారంచేడు మారణకాండకు ముందు తగాదా లేచింది మంచినీళ్ల చెరువు దగ్గరే.

పనిచోట తాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని 2005 ఉపాధిహామీ చట్టం రాసింది. అవి దయ కాదు, హక్కు.

పక్కమనిషి ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. రేపటి పనికి ముందు మాత్రం నీడ ఏదని అందరం కలిసి అడుగుదాం.