కూలర్ గాలి పీసీకి పెట్టొచ్చా? ఎండాకాలంలో డెస్క్‌టాప్‌ను సేఫ్‌గా చల్లబరచడం ఎలా

మే నెలలో నిజామాబాద్‌లో 42 డిగ్రీల ఎండ అంటే కొత్తేమీ కాదు. గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఎఫ్‌పీఎస్ పడిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే: క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసేసి, కూలర్‌ను దానివైపు తిప్పడం. దీంతో పీసీ చల్లబడుతుందా? కచ్చితంగా. మరి సేఫేనా? ఆ లెక్క వేరే.

చల్లగాలితో లాభం ఎంత?

హీట్‌సింక్, ఫ్యాన్ కలిసి ప్రాసెసర్‌ను గది వేడి కంటే కిందకి దించలేవు. కాబట్టి గదిలో 10 డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ మీద కూడా దాదాపు అంతే తగ్గుతుంది. రైజెన్ 5 5600కి గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు, ఇంటెల్ ఐ5-12400కి 100. ఆ గీత దగ్గరికి వస్తే చిప్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఎఫ్‌పీఎస్ పడిపోయేది అందుకే.

కూలర్‌తో చిక్కు ఎక్కడ?

బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే మంచి కూలర్ సుమారు 28 డిగ్రీల గాలి ఇస్తుంది. కానీ ఆ గాలిలో తేమ 70 శాతం దాకా ఉంటుంది. నడుస్తున్న పీసీ భాగాలు గాలి కంటే వేడిగా ఉంటాయి కాబట్టి వాటిమీద నీరు పట్టదు. అసలు భయం తుంపరతో. బోరు నీళ్లు పోసే కూలర్ ప్యాడ్ మీద తెల్లటి ఉప్పు పొర చూసే ఉంటారు. ఆ ఉప్పు నీటి చుక్క మదర్‌బోర్డు మీద పడితే షార్ట్ అవ్వొచ్చు, మెల్లగా తుప్పూ పట్టొచ్చు. దీనికితోడు దుమ్ము. బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ, చుట్టూ పొలాల నుంచి లేచే నల్లరేగడి దుమ్ము ఆగలేదు. పొడి దుమ్మైతే బ్రష్‌తో పోతుంది, తడి తగిలితే హీట్‌సింక్‌కి అతుక్కుపోతుంది.

ఏసీ అయితే?

ఏసీ గాలి పొడిగా ఉంటుంది, గదికి అదే బెస్ట్. కానీ పైపు పెట్టి ఆ గాలిని నేరుగా క్యాబినెట్‌లోకి పంపకండి. జులైలో బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుందాం. ఆ గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్‌కి చెమట పట్టినట్టే. కరెంటు పోయి, ఉక్కపోతకి కిటికీ తెరిచారంటే, 20 డిగ్రీలకు చల్లబడి ఉన్న మెటల్ మీద జరిగేది అదే.

పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. అమెరికాలోని ప్రైన్‌విల్‌లో ఫేస్‌బుక్ డేటా సెంటర్ తడి గాలితోనే సర్వర్లను చల్లబరుస్తుంది. 2011 ఎండాకాలంలో కంట్రోల్ సిస్టమ్ గాడి తప్పి తేమ 95 శాతం దాటింది, సర్వర్ల మీద నీరు పట్టింది. కొన్ని ఆగిపోయాయి, కొన్ని వాటంతట అవే రీబూట్ అయ్యాయి.

ఇలా చేయండి

• చల్లబరచాల్సింది గదిని, పీసీని కాదు. కూలర్‌ను కనీసం ఆరడుగుల దూరంలో, గాలి క్యాబినెట్‌కి సూటిగా తగలకుండా పెట్టండి. ఎదురుగా కిటికీ తెరిచి ఉంచితే తేమ బయటికి పోతుంది.
• సైడ్ ప్యానెల్ మూసే ఉంచండి. గాలి ముందు నుంచి వచ్చి వెనక నుంచి పోవాలి. డస్ట్ ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి దులపండి.
• చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొన్ని వందల్లో వస్తుంది. పీసీ దగ్గర తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే కూలర్‌లో పంపు ఆపి, ఫ్యాన్ మాత్రమే నడపండి.
• ఏసీ 26 చాలు. క్యాబినెట్ మీద చెమట కనిపిస్తే ప్లగ్ తీసి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి.
• గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ రిఫ్రెష్ రేట్‌కి లాక్ చేయండి. పుట్టని వేడిని చల్లబరచాల్సిన పనే లేదు, పైగా ఇది ఫ్రీ.

నీటి డ్యామేజ్‌కి మామూలుగా వారంటీ వర్తించదు. పది డిగ్రీలు తగ్గించబోయి గ్రాఫిక్స్ కార్డునే పోగొట్టుకోవద్దు.