టవర్‌ను తరిమేసి రేడియేషన్‌ను జేబులో పెట్టుకున్నారు

హాస్టల్ మీద టవర్ ఉంటే పిల్లలకు క్యాన్సర్ వస్తుందట. అడ్మిషన్ల సీజన్ మొదలైతే చాలు, ఈ మెసేజీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. కింద ఓ డాక్టరుగారి పేరు ఉంటుంది. ఆయన ఏ ఊళ్లో ప్రాక్టీసు చేస్తారో ఎవరూ అడగరు. నలుగురు వెళ్లి ప్రిన్సిపాల్ గది ముందు కూర్చుంటారు, యాజమాన్యం భయపడుతుంది, టవర్ కంపెనీకి లీజు రద్దు నోటీసు వెళ్తుంది. కొన్నాళ్లకే ఇంకో అర్జీ వస్తుంది, చాలాసార్లు ఆ నలుగురి నుంచే: ‘మా అమ్మాయికి ఫోన్ కలవడం లేదు, ఏం చేస్తున్నారు మీరు?’

క్యాంపస్‌లకు నెట్‌వర్క్ డిజైన్ చేసేవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు. ఊరి చివర ఇంజినీరింగ్ కాలేజీల్లో చీకటి పడ్డాక డాబా మీదికి వెళ్లి చూడండి. సిగ్నల్ కోసం పిట్టగోడ ఎక్కి కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. ఫీజు కట్టడానికి ఓటీపీ రాదు. అర్ధరాత్రి ఎవరికైనా ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయడానికి వార్డెన్ గేటు దాకా పరుగెత్తాలి. లేని జబ్బుకు భయపడి తెచ్చుకున్న ప్రమాదం ఇది.

దీనికన్నా విడ్డూరం ఇంకొకటి ఉంది. ఏ రేడియేషన్‌కు భయపడి టవర్‌ను పంపించారో, అది ఆ పిల్లలకు ఇప్పుడే ఎక్కువ తగులుతోంది.

టవర్ మాట్లాడితే సరిపోదు, ఫోన్ కూడా తిరిగి జవాబు చెప్పాలి. పక్కనున్న మనిషితో గుసగుసగా మాట్లాడి, పొలం అవతలి గట్టు మీదున్నవాణ్ని గొంతు చించుకుని పిలిచినట్టు, ఫోన్ కూడా టవర్ దూరాన్ని బట్టి గొంతు పెంచుతుంది. 4జీ ఫోన్ సాధారణంగా గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. సిగ్నల్ బాగుంటే అదే ఫోన్ ఒక మిల్లీవాట్‌లో పదివేలో వంతు దాకా కూడా తగ్గగలదు. ఈ రెంటి మధ్య తేడా ఇరవై లక్షల రెట్లు. హాస్టల్ గదిలో సిగ్నల్ మైనస్ 85 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే కొలమానం) నుంచి మైనస్ 115కి పడిపోయిందంటే ఫోన్‌కు అందేది వెయ్యో వంతు అయిందని లెక్క. ఆ లోటు పూడ్చుకోవడానికి ఫోన్ తన గరిష్ఠ శక్తి దాకా ఎగబాకుతుంది. అది ఉండేది డాబా మీద కాదు, మీ అమ్మాయి చెవి దగ్గర. బ్యాటరీ మధ్యాహ్నానికే ఎందుకు అయిపోతోందో కూడా ఇప్పుడు అర్థమై ఉండాలి.

ఇక టవర్ వైపు లెక్క. 20 వాట్ల ట్రాన్స్‌మిటర్, శక్తిని ఒక దిక్కుకు కుదించి యాభై రెట్లు చేసే యాంటెన్నా తీసుకుందాం. బీమ్‌కు నేరుగా ఎదురుగా 100 మీటర్ల దూరంలో నిలబడితే తగిలేది చదరపు మీటరుకు దాదాపు 8 మిల్లీవాట్లు. మన దేశం 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు కోసేసి అమలు చేసింది. ఆ లెక్కన 900 మెగాహెర్ట్జ్‌కు పరిమితి 450 మిల్లీవాట్లు. అలాంటి ట్రాన్స్‌మిటర్లు పది ఒకే దిక్కుకు పెట్టినా ఆ పరిమితిలో ఐదో వంతు దాటదు. పైగా సెక్టార్ యాంటెన్నా (ఒక్కో దిక్కుకు ఒకటిగా పెట్టేది) బీమ్ అడ్డంగా దూరానికి పోతుంది, నిలువుగా చాలా సన్నం. టవర్ కిందనే ఉన్న గదికి అందేది, వీధి అవతల మేడకు అందేదానికన్నా సాధారణంగా తక్కువే. టవర్ ఉన్న బిల్డింగ్‌వాళ్లు భయపడటం, వీధి అవతలివాళ్లు నిశ్చింతగా ఉండటం రోజూ చూసే తమాషా.

‘ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా’ అంటారు. ఏం చెప్పిందో చదివితే బాగుండేది. ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను ‘2బి’ వర్గంలో పెట్టింది. క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందేమోనని పరిమిత ఆధారాలతో పెట్టిన వర్గం అది. ఆ ఆధారాలు కూడా ఫోన్‌ను చెవికి ఆనించి తెగ మాట్లాడేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలవి, టవర్ కింద ఉన్నవాళ్లవి కావు. అదే విభాగం వక్కను క్యాన్సర్ కారకమని తేల్చి ఒకటో వర్గంలో పెట్టింది. వక్కపొడి నములుతూ టవర్ వ్యతిరేక అర్జీ మీద సంతకం పెట్టే పెద్దమనుషులను ఏమనాలి? 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 అధ్యయనాలను జల్లెడ పట్టారు. మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. టవర్లూ ప్రసార కేంద్రాలూ పిల్లల్లో లుకేమియా, మెదడు కణితులు పెంచుతున్నాయన్న దానికీ ఆధారం దొరకలేదు.

మరి తలనొప్పి, నిద్రపట్టకపోవడం? 2009లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్ శివారు క్రెయిగావన్‌లో ఇలాగే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఒంటి మీద దద్దుర్లు, తలనొప్పి అన్నారు. చివరికి కంపెనీవాళ్లు చెప్పిన సంగతి ఏమిటంటే, ఆ టవర్‌ను వారాల క్రితమే ఆపేశారు, ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. సిగ్నల్ ఉందో లేదో చెప్పకుండా చేసిన ప్రయోగశాల పరీక్షల్లోనూ ఇదే తేలింది. తలనొప్పి అబద్ధం కాదు, దానికి టవర్ కారణం కాదు.

ఒక్క విషయంలో, ఇష్టం లేకపోయినా, టవర్ వద్దన్నవాళ్ల పక్షాన నిలబడక తప్పదు. ఇరుకు సందులో నాలుగంతస్తుల మేడ మీద పోల్ పాతి యాంటెన్నా బిగిస్తారు. పక్కింటాయన ఆ తర్వాత ఇంకో అంతస్తు లేపుతాడు, అనుమతి ఉందో లేదో ఆయనకే తెలియాలి. ఇప్పుడు యాంటెన్నా ముఖం సరిగ్గా ఆయన పెంట్‌హౌస్ కిటికీ ఎత్తులో, చేయి చాస్తే అందేంత దగ్గర. పైన చెప్పిన లెక్క ఇక్కడ చెల్లదు. యాంటెన్నాల సంఖ్య పెరిగేకొద్దీ ఎదురుగా అదే ఎత్తులో పదుల మీటర్ల ఖాళీ వదలాలని టెలికాం శాఖ మార్గదర్శకాలే చెప్పాయి. అలాంటి చోట అభ్యంతరం చెప్పడం న్యాయం. పాత స్లాబ్ మీద టన్నుల బరువు ఎక్కించడం, కరెంటు పోయినప్పుడల్లా కిటికీ పక్కన డీజిల్ జనరేటర్ పొగ కక్కడం కూడా నిజమైన బాధలే. వీటి గురించి అడిగితే కొలతల రిపోర్టు చూపించకుండా ‘అన్నీ రూల్స్ ప్రకారమే’ అని తప్పించుకునే కంపెనీ ప్రతినిధులు ఈ పుకారుకు ఎరువు వేశారు. వాట్సాప్ డాక్టరుకు పేరు తెచ్చిపెట్టింది వాళ్లే.

టవర్ పోయాక జరిగే రెండో అంకం మరీ ఘోరం. యాజమాన్యం ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్ కొంటుంది. లైసెన్సు లేకుండా దాన్ని పెట్టుకోవడం నేరమని అమ్మినవాడు చెప్పడు. బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా ఒకదాని మాట ఇంకొకటి విని ఊళలు పెట్టడం మొదలెడతాయి. ఆ రొద అంతా దూరంలో ఉన్న టవర్ రిసీవర్ మీద పడుతుంది. ఆ రొద మధ్య వినపడాలంటే ఆ సెక్టార్‌లోని ఫోన్లన్నీ శక్తి పెంచుకోవాలి. రేడియేషన్ వద్దన్న కాలేజీ, చుట్టుపక్కల కాలనీల ఫోన్ల రేడియేషన్‌ను కూడా పెంచిందన్నమాట. టెలికాం శాఖవాళ్లు వెతుక్కుంటూ వచ్చి దాన్ని పీకేస్తే అప్పుడు ‘మాకు తెలియదండీ’ అంటారు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు దండగ. 5జీ వల్ల కొవిడ్ రెండో అల వచ్చిందని 2021 మేలో ప్రచారం చేశారు. అప్పటికి మన దేశంలో 5జీ పరీక్షలే మొదలు కాలేదు, సేవలు మొదలైంది 2022 అక్టోబరు 1న. పిచ్చుకలు టవర్ల వల్ల పోయాయన్నది 2018లో వచ్చిన ‘2.0’ సినిమా కథ. గూడు పెట్టుకునే పెంకుల చూరును మనం పీకేసిన సంగతి సినిమాకు పనికిరాదు. ఫోన్ వెనక అంటించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్ నిజంగా పనిచేస్తే ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది, పనిచేయకపోతే మీ డబ్బు పోతుంది. నాలుగు గీతలున్నా నెట్ రాకపోతే చాలాసార్లు అది సిగ్నల్ లోపం కాదు, ఆ సెక్టార్ మీద జనం ఎక్కువయ్యారని. ‘వైఫై నెమ్మదిగా ఉంది, 1 జీబీపీఎస్ లైను తీసుకుందాం’ అనే కరస్పాండెంట్లు, వంద మంది ఒకే యాక్సెస్ పాయింట్ మీద వేలాడుతుంటే లైను ఎంతదైనా ఒకటేనని ఎప్పుడు వింటారో. యాక్సెస్ పాయింట్ పవర్ మొత్తం పెంచేస్తే గీతలు నిండుగా కనిపిస్తాయి, ఫోన్ జవాబు మాత్రం అక్కడికి చేరదు. ‘మీ స్థలంలో టవర్ పెడతాం, నెలకు లక్ష అద్దె, ట్రాయ్ అనుమతికి ముందు ఫీజు కట్టండి’ అన్న ఫోన్ వస్తే పెట్టేయండి. టవర్ పెట్టడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరికీ అనుమతి పత్రాలివ్వదు.

ఇప్పుడు నిజంగా భయం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టూ ఉన్న టవర్ల వివరాలు చూడండి. అనుమానం తీరకపోతే రూ. 4,000 ఫీజు కడితే శాఖవాళ్లే వచ్చి కొలుస్తారు. నలుగురు తల్లిదండ్రులు పంచుకుంటే తలా వెయ్యి. ఆ కాగితం నోటీసు బోర్డు మీద పెట్టించండి. మీ ఫోన్‌లో *#07# నొక్కితే దాని ఎస్ఏఆర్ (శరీరం పీల్చుకునే రేడియో శక్తి) విలువ వస్తుంది. మన దేశంలో అది కిలోకు 1.6 వాట్లు దాటకూడదు. గీత ఒక్కటే ఉన్నప్పుడు గంటలు గంటలు మాట్లాడకండి, తప్పదంటే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

యాజమాన్యాలకు వేరే జాబితా ఉంది. టవర్‌కు చోటిస్తే స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్ లేకుండా సంతకం పెట్టవద్దు. జనరేటర్ డాబా మీద కాదు, నేల మీద, శబ్దం ఆపే పెట్టెలో ఉండాలని అగ్రిమెంటులో రాయించండి. కొత్త బ్లాకు కడుతుంటే స్లాబ్ పోయకముందే కేబుళ్లకు పైపులు, ప్రతి అంతస్తులో పరికరాలకు చిన్న గది వదలండి. తర్వాత గోడలు కొట్టించే ఖర్చు మీకు తెలియనిది కాదు. లోపల ఐబీఎస్ (బిల్డింగ్ లోపలే చిన్న యాంటెన్నాలు పెట్టే ఏర్పాటు) వేయిస్తే ఒక్క కంపెనీకి కట్టుబడకుండా, ఒకే కేబుల్ మీద అందరూ వచ్చేలా షరతు పెట్టండి. ఆ యాంటెన్నాల శక్తి చాలా తక్కువ, ఫోన్లూ గుసగుసల్లోకి దిగుతాయి. అంతదాకా వైఫై కాలింగ్ వాడుకోవచ్చు, కానీ పిల్లలు వీపీఎన్‌లు వాడుతున్నారని మీ ఐటీవాళ్లు యూడీపీ 500, 4500 పోర్టులు మూసేసి ఉంటారు. అవి మూస్తే వైఫై కాలింగ్ కూడా చచ్చిపోతుంది, ముందు అవి తెరిపించండి. కన్సల్టెంటు పని అయిపోయిందని బిల్లు తెస్తే, లిఫ్టులో, సెల్లార్‌లో, హాస్టల్ చివరి గదుల్లో తలుపులు వేసి చేసిన వాక్ టెస్ట్ (నడుస్తూ సిగ్నల్ కొలిచే పరీక్ష) రిపోర్టు, అంతస్తుల మ్యాపు మీద పనికి ముందూ తర్వాతా రంగులు వేసి చూపించేదాకా చివరి వాయిదా ఆపండి.