నరకమను మాట

తెలుగు బైబిలులో పాతాళమనియు నరకమనియు రెండు మాటలు గలవు. యమలోకపు కథలు వినుచు పెరిగినవారమగుటచే మన మీ రెంటిని నొక్కటిగా దలంతుము. మూలమున నవి వేఱు.

పాతాళమునకు హెబ్రీ మాట షెయోలు. మంచివారును చెడ్డవారును మరణించి చేరు నిశ్శబ్దస్థలము. సువార్తలలో నరకమని తెనిగింపబడినది గెహెన్నా. ఇది యెరూషలేమునకు దక్షిణముననున్న హిన్నోము లోయ పేరు. అచ్చట నొకప్పుడు జనులు తమ బిడ్డలనే అగ్నికి బలియిచ్చిరని యిర్మీయా ప్రవక్త వాపోయెను. నరకాగ్ని యను మాట వెనుక నున్నది ఈ లోయయే. అది నేటికిని గలదు. కాలినడకను పోయి చూచి రావచ్చును.

ఇక శిక్షకు అంతము గలదా యనునదే చిక్కు. సువార్త చెవిని పడకయే గతించిన తాతముత్తాతలుగల క్రైస్తవ కుటుంబమునకు ఇది వట్టి తర్కము గాదు.

లండనులోని కింగ్సు కళాశాలలో ఆచార్యుడైన ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్ 1853లో నొక గ్రంథము ప్రకటించెను. నిత్యమను మాటను ఎడతెగని కాలమని గ్రహింపరాదనియు, దేవుని నెఱుగుటయే నిత్యజీవమనియు, ఆయనను బాయుటయే నిత్యమరణమనియు వాదించెను. ఆ యేడే కళాశాలవారు ఆయనను తొలగించిరి.

ఎదుటివారి వాదమును బలహీనము గాదు. మత్తయి సువార్త 25వ అధ్యాయములో జీవమునకును శిక్షకును నిత్యమను విశేషణ మొక్కటే. ఒకదానిని కుదించిన రెండవదియు కుదియదా యని అగస్టీను ఐదవ శతాబ్దిలోనే యడిగెను. నా మనస్సు మారిస్ వైపే మొగ్గును. ఏలయన ఆయన ఆ మాటను రెంటికిని సమముగనే అన్వయించెను. అయినను అగస్టీను ప్రశ్నను త్రోసివేయజాలను.

మారిస్‌కు 1866లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు నీతిశాస్త్రాచార్య పదవి నొసగిరి.